దీపం ఉండగానే: కప్పు కొట్టిన ఫుట్‌బాల్ టీమ్ కుర్రాళ్ల వైపు ఎప్పుడు, ఎంత మేరకు తిరగాలి?

2025 మే 6 రాత్రి, మిలాన్‌లోని సాన్ సిరో. యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో బార్సిలోనా 3-2తో ముందుంది. 90 నిమిషాలు దాటిపోయాయి, ఇంటర్ మిలాన్ పని అయిపోయినట్టే. అప్పుడు 37 ఏళ్ల సెంటర్ బ్యాక్ (వెనక మధ్యలో కాపు కాసేవాడు) ఫ్రాంచెస్కో అచెర్బి తన చోటు వదిలేసి ఎదుటి గోల్ ముందుకు పరిగెత్తాడు. కుడివైపు నుంచి వచ్చిన బంతిని వలలోకి కొట్టి మ్యాచ్‌ను నిలబెట్టాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంటర్ 4-3తో గెలిచి ఫైనల్‌కు వెళ్లింది.

సరిగ్గా 25 రోజుల తర్వాత మ్యూనిక్‌లో అదే అచెర్బి, అదే టీమ్. ఫైనల్లో ఎదురుగా పారిస్ క్లబ్బు పీఎస్‌జీ. 19 ఏళ్ల దేజిరే దువే రెండు గోల్స్ కొట్టాడు, చివర్లో మరో 19 ఏళ్ల కుర్రాడు సెన్నీ మయులు ఇంకొకటి కొట్టాడు. 5-0. ఈ పోటీ ఫైనల్స్ చరిత్రలో అంత తేడాతో ఎవరూ ఓడలేదు. ఇంటర్ గోల్‌కీపర్ సోమర్‌కు 36, మిడ్‌ఫీల్డ్‌లో మఖితరియాన్‌కు 36.

గెలిచే టీమ్‌ను కుర్రాళ్లతో మార్చాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఒక పక్షం వాళ్లు మే 6ను చూపిస్తారు, మరో పక్షం వాళ్లు మే 31ని చూపిస్తారు. నేను రెండు రాత్రులనూ నమ్ముతాను. అనుభవం ఒక్క రాత్రి కొండను మోయగలదు, ప్రతి మూడో రోజూ మోయలేదు. కప్పు గెలిచిన టీమ్ ముందు మూడు దారులున్నాయి. గెలిచినవాళ్లతోనే సాగడం, మొత్తం కడిగేసి కుర్రాళ్లతో కట్టడం, మామిడికి అంటు కట్టినట్టు పాత మొదలు మీద ఏటా రెండు మూడు కొత్త కొమ్మలు కట్టడం. మూడింటికీ ఖరీదు ఉంది. ఏది ఎప్పుడు చెల్లించాలన్నదే ఎంపిక.

గెలిచినవాళ్లతోనే సాగితే

ఇది మనసుకు నచ్చే దారి. కప్పు తెచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టడం ఏ కోచ్‌కూ సులువు కాదు. కానీ లెక్క చూడండి. 2002 నుంచి 2018 దాకా జరిగిన 5 ప్రపంచకప్‌లలో 4 సార్లు డిఫెండింగ్ ఛాంపియన్ (కిందటి కప్పు గెలిచిన టీమ్) గ్రూప్ దశలోనే ఇంటికెళ్లింది. 2002లో ఫ్రాన్స్ ఒక్క గోల్ కూడా కొట్టకుండా వెళ్లింది. 2010లో ఇటలీ, 2014లో స్పెయిన్, 2018లో జర్మనీ.

వీటిలో నాకు ఎక్కువ గుర్తుండేది ఇటలీ. 2006లో కప్పు గెలిపించిన మార్సెల్లో లిప్పీనే మళ్లీ పిలిచి పగ్గాలిచ్చారు. ఆయన తన పాత మనుషుల్ని నమ్మాడు. కెప్టెన్ కన్నవారోకు అప్పటికి 36 ఏళ్లు. న్యూజిలాండ్ మీద 1-1తో ఆగిపోయారు, స్లొవేకియా చేతిలో 3-2తో ఓడారు, గ్రూపులో అట్టడుగున నిలిచారు. లిప్పీకి ఆట తెలియక కాదు. నాలుగేళ్ల కిందటి రుణం తీర్చుకోవడానికి జట్టు ఎంపికను వాడుకున్నాడు, అంతే.

అయితే ఈ దారిని పూర్తిగా కొట్టిపారేయలేం. స్పెయిన్ 2010లో ప్రపంచకప్ గెలిచి, దాదాపు అదే బృందంతో 2012 యూరో ఫైనల్‌లో ఇటలీని 4-0తో ఓడించింది. రెండేళ్లు ఆగి ఉంటే అది తెలివి, నాలుగేళ్లు లాగేసరికి 2014లో నెదర్లాండ్స్ చేతిలో 5-1. క్లబ్బుల్లో చూస్తే లివర్‌పూల్ 2024లో కొత్త కోచ్ ఆర్నె స్లాట్ వచ్చినా టీమ్‌ను దాదాపు ముట్టుకోలేదు. ఆ సీజన్‌కు కొత్తగా వచ్చి చేరింది ఒక్క కియేజా. 32 ఏళ్ల సలా 29 లీగ్ గోల్స్ కొట్టాడు, 33 ఏళ్ల వాన్ డైక్ వెనక నిలబడ్డాడు, లీగ్ గెలిచారు. కాబట్టి ఒక్క ఏడాదికి ఈ దారి బాగా పనిచేస్తుంది. ఒక్కోసారి అన్నిటికన్నా బాగా.

ప్రమాదం ఎక్కడంటే, ఇది బాగా పనిచేసినప్పుడే అప్పు పేరుకుంటుంది. 2013లో మాంచెస్టర్ యునైటెడ్ లీగ్ గెలిచినప్పుడు ఫెర్డినాండ్‌కు 34, ఎవ్రాకు 32 నిండబోతున్నాయి, స్కోల్స్‌కు 38, గిగ్స్‌కు 39. కోచ్ ఫెర్గూసన్ కప్పు ఎత్తి రిటైరయ్యాడు. మరుసటి ఏడాది అదే బృందం 7వ స్థానంలో నిలిచింది. నింద మొత్తం కొత్త కోచ్ డేవిడ్ మోయెస్ మీద పడింది. నా దృష్టిలో అది అన్యాయం. ఆ బిల్లు అంతకు రెండేళ్ల ముందు నుంచీ రాసి ఉంది.

మాంచెస్టర్ సిటీది ఇంకా దగ్గరి ఉదాహరణ. వరుసగా 4 లీగ్ టైటిళ్లు గెలిచాక, 2024 వేసవిలో పెద్దగా ఎవరినీ కొనలేదు. సావిన్యో వచ్చాడు, 33 ఏళ్ల గుండోగాన్ తిరిగొచ్చాడు, 24 ఏళ్ల జులియన్ అల్వారెజ్‌ను అమ్మేశారు. 2024 సెప్టెంబర్‌లో మిడ్‌ఫీల్డ్ నడిపే రోడ్రికి మోకాలి లిగమెంట్ తెగింది. అక్టోబర్ చివరి నుంచి క్రిస్మస్ మరునాటి దాకా ఆడిన 13 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచారు. ఫెయనూర్డ్ మీద 3-0 ఆధిక్యంలో ఉండి 3-3తో ముగించారు. రోడ్రి వయసు అప్పటికి 28, కాబట్టి కూలడానికి కారణం వయసు ఒక్కటే అనడం తప్పు. కానీ ఒక స్తంభం పడితే మిగతావి నిలబడలేకపోయాయంటే, ఆ మిగతా స్తంభాల కాళ్లు అప్పటికే అలసిపోయాయన్నమాట. జనవరిలో హడావిడిగా 20 ఏళ్ల ఖుసానోవ్‌నూ, 19 ఏళ్ల వీటర్ రేస్‌నూ తెచ్చారు. ఖుసానోవ్ తొలి మ్యాచ్ మొదటి నిమిషాల్లోనే తప్పు చేసి చెల్సీకి గోల్ ఇచ్చాడు. తుపానులో ఇంటి పైకప్పు మార్చబోతే జరిగేది ఇదే.

మొత్తం కడిగేస్తే

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు, ఓటమి తర్వాత ఈ మాట అందరి నోటా వస్తుంది. 2018లో గ్రూప్ దశలోనే వెనుదిరిగాక జర్మనీ కోచ్ యోఆకిమ్ లోవ్ అదే చేశాడు. 2019 మార్చిలో హమ్మెల్స్, బోటెంగ్, ముల్లర్‌లతో ఇక మీ సేవలు చాలన్నాడు. మొదటి ఇద్దరికి 30, ముల్లర్‌కు 29. ముగ్గురూ 2014 ప్రపంచ విజేతలు. 2020 నవంబర్‌లో స్పెయిన్ చేతిలో 6-0తో ఓడేసరికి ధైర్యం సడలింది. 2021 యూరోకు హమ్మెల్స్‌నూ ముల్లర్‌నూ మళ్లీ పిలిచాడు. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో హమ్మెల్స్ సెల్ఫ్ గోల్, ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్నా ముల్లర్ బంతిని బయటికి కొట్టడం, అక్కడితో ఇంటికి. 2022 ప్రపంచకప్‌లో మళ్లీ గ్రూప్ దశలోనే ఆగిపోయారు.

నన్ను బాధపెట్టేది లోవ్ వాళ్లను తీసేయడం కాదు. అందుకు సరైన సమయం 2018 ప్రపంచకప్‌కు ఒక ఏడాది ముందే వచ్చింది. 2017 కాన్ఫెడరేషన్స్ కప్‌ను జర్మనీ కుర్రాళ్ల జట్టుతో, 23 ఏళ్ల డ్రాక్స్లర్ కెప్టెన్సీలో గెలిచింది. ఫైనల్‌లో చిలీని 1-0తో ఓడించింది. అంటే కొత్త కొమ్మ చేతిలోనే ఉంది. 2018కి వచ్చేసరికి పాత కూర్పు వైపు మొగ్గాడు, అప్పటికి మంచి ఊపులో ఉన్న సానేను జట్టులోకే తీసుకోలేదు. గెలుస్తున్నప్పుడు మార్చలేదు, ఓడాక మొత్తం పీకేశాడు, భయం వేశాక తిరిగి నాటాడు. పీకిన చెట్టు మళ్లీ పట్టదు.

క్లబ్బుల్లో చెల్సీ. 2021లో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన బృందాన్ని 2022లో యజమానులు మారాక విప్పేశారు. కుర్రాళ్లను ఏళ్ల తరబడి కాంట్రాక్టులతో కొన్నారు. తొలి సీజన్‌లో 12వ స్థానం, తర్వాత 6, ఆ తర్వాత 4. 2025 జులైలో క్లబ్ ప్రపంచకప్ ఫైనల్‌లో పీఎస్‌జీని 3-0తో ఓడించారు, కోల్ పామర్ రెండు గోల్స్ కొట్టాడు. దారి తప్పని కాదు. మూడేళ్లు, లెక్కలేనంత డబ్బు, మధ్యలో మారిన కోచ్‌లు: ఇదీ ఖరీదు. ఇది భరించగల క్లబ్బులు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అజాక్స్ కథలో ఇంకో ఖరీదు కనిపిస్తుంది. 1995లో ఆ క్లబ్ పెంచిన కుర్రాళ్లు మిలాన్‌ను ఓడించి యూరప్ ఛాంపియన్లయ్యారు, గోల్ కొట్టిన క్లైవర్ట్‌కు 18 ఏళ్లు. అదే ఏడాది డిసెంబర్‌లో బోస్మన్ తీర్పు వచ్చింది, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు డబ్బు కట్టకుండా వెళ్లిపోవచ్చని. రెండేళ్లు తిరిగేసరికి డేవిడ్స్, క్లైవర్ట్, ఓవర్మార్స్ అందరూ వెళ్లిపోయారు. కుర్రాళ్లతో కట్టిన టీమ్ పదేళ్లు ఉంటుందనుకుంటాం. డబ్బున్నవాడు తలుపు తడితే రెండేళ్లు కూడా ఉండదు.

మన హైదరాబాద్ ఎఫ్‌సీని కూడా ఇక్కడే తలచుకోవాలి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన ఆ టీమ్ కూర్పు చూస్తే ముచ్చటేస్తుంది. ముందు 37 ఏళ్ల ఒగ్బెచే, ఆ సీజన్ టాప్ స్కోరర్. వెనక ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు. గోల్‌లో 32 ఏళ్ల కట్టిమణి, షూటౌట్ హీరో. కోచ్ మనోలో మార్కెజ్ అంటు కట్టిన చెట్టది. మరుసటి ఏడాది రెండో స్థానం. ఆ తర్వాత ఆర్థిక కష్టాలు వచ్చాయి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, మిగిలిన కుర్రాళ్లు 2023-24 సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచారు. యువజట్టు అని పేరు పెట్టినంత మాత్రాన అది పునర్నిర్మాణం కాదు. పక్కన చెప్పే పెద్దలు లేకుండా 20 ఏళ్ల పిల్లల్ని ప్రతి వారం ఓటమికి పంపితే వాళ్ల ఆటే దెబ్బతింటుంది. ఆ ఏడాది ఆ పిల్లలు పడిన శ్రమ చూసి నాకు కోపం కన్నా జాలి ఎక్కువ కలిగింది.

అంటు కడితే

2024 జులై 9, యూరో సెమీఫైనల్, స్పెయిన్‌కు ఎదురుగా ఫ్రాన్స్. స్పెయిన్ కుడి అంచు చూడండి. ముందు లమీన్ యమాల్, వయసు 16. వెనక హెసూస్ నవాస్, వయసు 38. తొమ్మిదో నిమిషంలో ఫ్రాన్స్ గోల్ కొట్టాక, పెనాల్టీ పెట్టె బయటి నుంచి యమాల్ వంచి కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి లోపలికి పోయింది. నవాస్ ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే వెంట పడుతూ సుమారు గంటసేపు ఆడి బయటికి వచ్చాడు. మధ్యలో 28 ఏళ్ల రోడ్రి. 2-1తో గెలిచారు, ఐదు రోజులకు కప్పు గెలిచారు. ఆ టీమ్‌ను పిల్లల టీమ్ అని అందరూ రాశారు. పిల్లలు ఉన్నది అంచుల్లోనే. వెన్నెముక మొత్తం అనుభవమే.

1995-96 మాంచెస్టర్ యునైటెడ్ గురించీ ఇదే పొరపాటు జరుగుతుంది. ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్‌లను పంపేసి బెకమ్, స్కోల్స్, నెవిల్ సోదరులను ఫెర్గూసన్ దించాడు. తొలి మ్యాచ్‌లో ఆస్టన్ విల్లా చేతిలో 3-1 ఓటమి. పిల్లలతో ఏమీ గెలవలేరని టీవీలో వ్యాఖ్యాత అలన్ హాన్సెన్ అన్న మాట లోకమంతా పాకింది. వాళ్లు ఆ ఏడాది లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచారు. అయితే గోల్‌లో ష్మైకెల్, వెనక 34 ఏళ్ల స్టీవ్ బ్రూస్, పక్కన పాలిస్టర్, ముందు కాంటోనా ఉన్నారని మరిచిపోయి, పిల్లలే గెలిచారని చెప్పుకుంటాం.

ఫ్రాన్స్‌ది ఇంకా తేటగా ఉంటుంది. 2018లో కప్పు గెలిచిన మిడ్‌ఫీల్డ్ జంట పోగ్బా, కాంటే ఇద్దరూ గాయాలతో 2022కి లేరు. ఆ చోట 22 ఏళ్ల చువామెని వచ్చాడు. లోరిస్, వరాన్, గ్రీజ్మన్, 36 ఏళ్ల జిరూ నిలిచారు. మళ్లీ ఫైనల్ దాకా వెళ్లారు, 3-3 తర్వాత షూటౌట్‌లో ఓడారు. డిఫెండింగ్ ఛాంపియన్లను వెంటాడిన శాపం అని ఎవరైనా అంటే ఆ టీమ్‌ను చూపిస్తాను.

రియల్ మాడ్రిడ్ దగ్గర నేర్చుకోవాల్సింది గెలుపూ ఉంది, పొరపాటూ ఉంది. 2018లో మూడో వరుస ఛాంపియన్స్ లీగ్ గెలిచిన వెంటనే రొనాల్డోను పంపారు. అదే వేసవిలో 18 ఏళ్ల వినీసియస్ వచ్చాడు. అతను నిజంగా పండింది 2021-22లో. మూడేళ్లు జనం అతని షాట్లు చూసి నవ్వారు, క్లబ్బు ఓపిక పట్టింది. మిడ్‌ఫీల్డ్‌లో క్రూస్, మోడ్రిచ్‌ల పక్కన వాల్వెర్దే, కామవింగా, చువామెని ఒక్కొక్కరే చేరారు. 30 ఏళ్ల కాసెమిరోను 2022లో మంచి ధరకు అమ్మారు. 2024 ఫైనల్‌లో 34 ఏళ్ల క్రూస్ కార్నర్ కొడితే కార్వహాల్ గోల్ చేశాడు. ఆట ముగియబోతుండగా క్రూస్ బయటికి నడిస్తే 38 ఏళ్ల మోడ్రిచ్ లోపలికి వచ్చాడు.

తర్వాతే తెలిసింది లోటు. క్రూస్ రిటైరయ్యాక 2024-25లో మాడ్రిడ్‌కు కాళ్లున్నాయి, వేగముంది, ఆట వేగాన్ని తగ్గించి పెంచే మనిషి లేడు. క్వార్టర్‌ఫైనల్‌లో ఆర్సెనల్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 5-1. పరిగెత్తే చోట కుర్రాడు ఏడాదిలో కుదురుకుంటాడు. ఆటను నడిపే చోటికి మనిషిని మూడేళ్ల ముందు నుంచీ తయారుచేయాలి, అదీ ఆ పెద్దాయన పక్కన నిలబెట్టి.

ఈ పని ఎలా చేయాలో మన హైదరాబాద్ మనిషే ఎప్పుడో చేసి చూపించాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు, మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ హైదరాబాద్ మనిషే కోచ్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్‌కు వెళ్లిన జట్టులో పీకే బెనర్జీ, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నారు, ఇద్దరికీ 20 ఏళ్లు. అక్కడ నాలుగో స్థానం. అదే కుర్రాళ్లు అనుభవమున్న ఆటగాళ్లయ్యాక, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. నాటిన ఆరేళ్లకు కాసిన కాయ. 1963లో రహీం క్యాన్సర్‌తో పోయారు, ఆ తర్వాత ఆసియా క్రీడల స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

మరి మీ టీమ్‌కు ఏది?

సగటు వయసు చూసి నిర్ణయించకండి. అది మోసం చేస్తుంది. 40 ఏళ్ల గోల్‌కీపర్, 22 ఏళ్ల వింగర్ (ముందు అంచున ఆడేవాడు) ఉన్న జట్టు సగటు బాగానే కనిపిస్తుంది. డీనో జోఫ్ 40 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా 1982 ప్రపంచకప్ ఎత్తాడు. గోల్‌కీపర్ వయసు గురించి చివర్లో ఆలోచించండి. సెంటర్ బ్యాక్ పక్కన వేగమున్నవాడు ఉంటే 34 దాకా నడుస్తుంది. ముందు మార్చాల్సింది ఫుల్‌బ్యాక్‌లను (వెనక అంచుల్లో ఆడేవాళ్లను), వింగర్లను, మిడ్‌ఫీల్డ్‌లో ఉరికేవాణ్ని. అక్కడ కాళ్లు తగ్గితే వెనకున్న వృద్ధులందరి వయసూ ఒక్కసారిగా బయటపడుతుంది.

అలసట ఎక్కడ దొరుకుతుందంటే, ముందుకు పరిగెత్తేటప్పుడు కాదు. బంతి పోయాక వెనక్కి వచ్చే పరుగులో. 70వ నిమిషం తర్వాత ఎన్ని గోల్స్ ఇస్తున్నారో, వారంలో మూడో మ్యాచ్ ఎలా ఆడుతున్నారో రాసుకోండి. గెలిచిన మ్యాచ్‌లలో రాసుకోండి, ఓడినవాటిలో అందరికీ కనిపిస్తుంది.

కుర్రాడికి మ్యాచ్ నిమిషాలు నిజంగా ఇవ్వగలరా అన్నది తర్వాతి ప్రశ్న. బెంచ్ మీద కూర్చోబెట్టి, 5-0 ఆధిక్యంలో చివరి ఐదు నిమిషాలు దించితే అతను ఎదగడు. ఇప్పుడు ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను దించే వీలుంది. పెద్దవాడితో 60 నిమిషాలు ఆడించి మిగతా 30 కుర్రాడికివ్వడం, వచ్చే ఏడాది దాన్ని తిరగేయడం, ఈ పద్ధతిలో ఎవరి గౌరవమూ పోదు. పెద్దవాడితో ఆ మాట సీజన్ మొదట్లోనే ముఖాముఖి చెప్పాలి. పత్రికల్లో చదివి తెలుసుకునే గతి పట్టించకూడదు.

కొనే డబ్బు, మూడేళ్ల ఓపిక, అభిమానుల తిట్లు తట్టుకునే యాజమాన్యం మూడూ ఉంటే కడిగేసే దారి ఆలోచించండి. ఒక్కటి తక్కువైనా వద్దు. పీఎస్‌జీకి కూడా 2025 జనవరిలో లీగ్ దశ నుంచే బయటికి పోయే పరిస్థితి వచ్చింది. మాంచెస్టర్ సిటీ మీద 0-2 నుంచి 4-2కు తేవడంతో గట్టెక్కింది. పైగా మెస్సీ, నేమార్, ఎంబాపే పోయినా 31 ఏళ్ల మార్కిన్యోస్‌ను కదపలేదు. ఒక్క ఏడాదిలో పెద్ద పోటీ ఉంది, ఆ తర్వాత నలుగురైదుగురు ఎలాగూ రిటైరవుతారు అనుకుంటే ఉన్నవాళ్లతోనే సాగండి, కాని ఆ ఏడాదే వారసుల్ని శిక్షణలో పక్కన నిలబెట్టండి. మిగతా అందరికీ నా సలహా అంటే అంటు దారే. ఏటా పదకొండు మందిలో ఇద్దరు, మించితే ముగ్గురు.

కాలేజీ టీమ్‌లు, బస్తీ క్లబ్బులు నడిపేవాళ్లకు ఈ ప్రశ్న మరోలా వస్తుంది. ఫైనలియర్ వాళ్లు ఏటా వెళ్లిపోతారు, మార్పు మీ చేతిలో లేదు. అలాంటప్పుడు కప్పు తెచ్చిన బ్యాచ్‌లోనే ఫస్టియర్ కుర్రాళ్లు ఇద్దరు తప్పనిసరిగా ఆడేలా చూసుకోండి, ఒకణ్ని మిడ్‌ఫీల్డ్ మధ్యలో పెట్టండి. ఓ టోర్నమెంట్ తక్కువ గెలిచినా ఫరవాలేదు.

సమయం విషయంలో అర్జెంటీనా కోచ్‌గా స్కలోనీ తెగువ నాకు ఆదర్శం. 36 మ్యాచ్‌లు ఓటమి లేకుండా 2022 ప్రపంచకప్‌కు వచ్చిన అర్జెంటీనా తొలి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడింది. మెస్సీని, 34 ఏళ్ల ఓటమెండిని కదపకుండా, మూడో మ్యాచ్ నాటికి 21 ఏళ్ల ఎంజో ఫెర్నాండెజ్, 22 ఏళ్ల అల్వారెజ్, 23 ఏళ్ల మకాలిస్టర్‌లను తుది జట్టులో నిలబెట్టాడు. కప్పు గెలిచారు. 2024 కోపా అమెరికా గెలిచాక డి మరియా తనంతట తానే సెలవు తీసుకున్నాడు. 2025 మార్చి 25న బ్యూనస్ ఎయిర్స్‌లో బ్రెజిల్‌తో మ్యాచ్‌కు గాయం వల్ల మెస్సీ కూడా లేడు. అర్జెంటీనా 4-1తో గెలిచింది. మొదటి గోల్ అల్వారెజ్, రెండోది ఎంజో, మూడోది మకాలిస్టర్. నాలుగోది బెంచ్ మీది నుంచి వచ్చిన 22 ఏళ్ల జులియానో సిమియోనే.